ఫోను గడపకు పసుపు

విజయదశమి, ఆదివారం

రామకోటి పుస్తకాన్ని వెనక నుంచి తిప్పి ఇది రాస్తున్నాను. ముందు వైపు రామనామం, వెనక వైపు నేను ఫోన్ల చిట్కాలు చెప్పే సాయం గది కబుర్లు. సముద్రంలో మేం కాపురముండే ఈ తెప్పల మీద కాగితం దొరకడం కష్టం. ఓడ మళ్ళీ వచ్చినప్పుడు ఇంకో పుస్తకం అడగాలి.

ఈరోజు ముప్పై ఎనిమిది ఫోన్లు ఎవరివి వాళ్ళకి తిరిగి ఇచ్చాను. మూడు నెలలకోసారి మా మూడో తెప్ప వాళ్ళ ఫోన్లన్నీ దస్తగిరి విప్పి, లోపల పేరుకున్న ఉప్పు దులుపుతాడు. కొత్త ఫోన్ల తయారీ ఆగిపోయి పంతొమ్మిదేళ్ళయింది. ఉన్నవాటినే పసిపిల్లల్లా చూసుకోవాలి. నిన్న సాయంత్రానికి అతని పని పూర్తయింది. తడి ఆరడానికి సాయం గది బీరువాలో పెట్టి తాళం వేశాను.

పొద్దున్నే గది ఊడ్చాను. దీపం పెట్టాను. ఫోన్లు పంచాను. బోర్డు మీద చిట్కా రాశాను.

“ఫోను నీళ్ళలో పడితే బియ్యం డబ్బాలో పెట్టకండి. బియ్యప్పొడి రంధ్రాల్లోకి పోతుంది. ఆపేసి, తుడిచి, రంధ్రాలు కిందికి ఉండేలా గాలికి ఆరనివ్వండి. ఆన్ చేసి చూద్దామనే తొందర వద్దు.”

నా గొంతు నాలుగడుగులు దాటదు. మా పక్కింటి సామ్రాజ్యం గొంతు నాలుగో తెప్పకి వినిపిస్తుంది. నేను రాస్తాను, చదువు రానివాళ్ళ కోసం ఆమె పైకి చదువుతుంది. పదకొండేళ్ళుగా ఇదే పద్ధతి.

“తినడానికే బియ్యం లేక ఏడుస్తుంటే ఫోనుకెవతి పెడద్ది వదినా?” అంది చదివాక. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఏకాదశి, సోమవారం

ఉపవాసం. పంతులమ్మగారి లాప్‌టాప్ కుంపటిలా కాలిపోతోందని తెచ్చారు. చూస్తే పరుపు మీద పెట్టి వాడుతున్నారు. గాలి లాక్కునే చిల్లులు కిందే ఉంటాయి, వాటికి దుప్పటి అడ్డం పడితే ఊపిరాడదు. నాలుగు సీసా మూతలు ఇచ్చి, నాలుగు మూలలా కింద పెట్టుకోమన్నాను. చల్లబడింది. “మీరు ఇంజనీరు కావలసింది నాంచారమ్మగారూ” అన్నారు. పదో తరగతి పాసైన దాన్ని పట్టుకుని ఆ మాట అంటే సిగ్గేసింది, లోపల కాస్త సంతోషం కూడా వేసింది.

రెండిళ్ళలో కొళాయి తెరుచుకోలేదు. ఫోను మాట వినడం లేదట.

సముద్రపు నీటిని యంత్రాలు మంచినీళ్ళు చేస్తాయి. మా దగ్గర ఆ నీళ్ళు మాటతో వస్తాయి. పొద్దున ఆరు నుంచి ఏడు లోపల ఇంటి పెద్ద ఫోను నోటి దగ్గర పెట్టుకుని, పేరూ ఇంట్లో ఎంతమంది ఉన్నారో చెప్పాలి. దాన్ని నీటి హాజరు అంటారు. గొంతు గుర్తుపట్టగానే కొళాయి తెరుచుకుని మనిషికి నాలుగు చెంబులు వదులుతుంది. మూడుసార్లు చెప్పినా ఫోను వినకపోతే ఆ రోజుకి గైర్హాజరు. అప్పుడు నీటి ఆఫీసు ముందు వరసలో నిలబడితే మనిషికి ఒక చెంబు పోస్తారు. నాలుగు చెంబుల చోట ఒకటి. చుట్టూ సముద్రం, మధ్యలో చెంబు పట్టుకుని మనం.

ఆ రెండు ఫోన్లనీ ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేయించాను. సగం జబ్బులకి అదే మందు. ఒకటి పలికింది. ఒకటి పలకలేదు.

త్రయోదశి, బుధవారం

పలకని ఫోన్లు తొమ్మిదయ్యాయి.

మాట వినని ఫోనుకి నేను చేసే వైద్యం ఇది. ముందు పైతొడుగు తీసేయాలి, ఒక్కోసారి దాని అంచే రంధ్రానికి అడ్డం పడుతుంది. తరవాత రికార్డరులో మన గొంతు మనమే రికార్డు చేసి వినాలి. అందులోనూ వినపడకపోతే తప్పు నెట్‌వర్కుది కాదు, ఫోనుదే. అప్పుడు టార్చి వేసి, కింది అంచున సూది మొనంత ఉండే చిల్లుని చూడాలి. మాట లోపలికి పోయేది అక్కడి నుంచే.

రోజమ్మగారి ఫోనుకి టార్చి వేసి చూశాను. చిల్లు పచ్చగా ఉంది.

ఇంకో ఫోను చూశాను. పచ్చగా ఉంది. మూడోది చూడలేదు. టార్చి ఆపేశాను.

దశమి నాడు రాసినదాంట్లో ఒక పని రాయలేదు. దీపం పెట్టానని రాశాను. తరవాత ఏం చేశానో రాయలేదు.

ఆయుధపూజ చేశాను. మా నాన్న నాగలికీ కొడవలికీ చేసేవాడు. ఇప్పుడు మన చేతుల్లో ఉన్న ఆయుధం ఇదే కదా, దీని వల్లే కదా గొంతు తడుస్తోంది అనిపించింది. బీరువా తెరిచి ముప్పై ఎనిమిదింటినీ వరసగా పేర్చాను. మా అమ్మ ఇచ్చిన పసుపు కొమ్ము, నేల నుంచి తెచ్చుకున్నవాటిలో మిగిలిన ఆఖరుది, అరగదీశాను. తడపడానికి గరిటెడు నీళ్ళు చాలు. ఆ గరిటెడు మాత్రం ఎందుకు ఖర్చు చేయాలని, దీపపు కుందిలో ఉన్న నువ్వుల నూనెతో తడిపాను. నీళ్ళు మిగిల్చానని ఎంత గొప్పగా అనుకున్నానో.

ఇంటికి గడప ఎలాగో ఫోనుకి కింది అంచు అలాగ, మాట అక్కడే లోపల అడుగుపెడుతుంది అనుకున్నాను. గడపకు పసుపు రాసినట్టే ఒక్కోదాని కింది అంచుకీ వేలితో రాశాను. రాస్తూ రామనామం చెప్పుకున్నాను.

తరవాత భయం వేసింది. అందులో రోజమ్మగారి ఫోను ఉంది. దస్తగిరిది ఉంది. వాళ్ళ దేవుళ్ళు వేరు. ఒక్కరినీ అడగలేదు. ఎవరైనా చూసి నొచ్చుకుంటారేమోనని, గుడ్డ పెట్టి అన్నిటినీ తుడిచేశాను. పైన కనబడేది పోయింది. చిల్లులో దిగింది పోలేదు. నీళ్ళతో తడిపి ఉంటే ఎండి రాలిపోయేది. నూనె కనుక పట్టుకుంది, దాని మీద ఉప్పు గాలి రోజూ ఒక పొర కప్పుతోంది.

చిల్లుల్లోకి ఏదీ పోనివ్వకండని పదకొండేళ్ళుగా బోర్డు మీద రాస్తున్నది నేను.

చతుర్దశి, గురువారం

పదిహేను.

దస్తగిరి నిన్నటి నుంచి పలకని ఫోన్లు తిరిగి తీసుకుని మళ్ళీ బ్రష్ కొడుతున్నాడు. కొట్టిన కొద్దీ పసుపు ఇంకా లోపలికి పోతోంది. నాకు తెలుస్తూనే ఉంది. పక్కనే కూర్చుని చూశాను.

“ఏందోనక్కా, బ్రష్ మీద పచ్చగా వస్తోంది” అన్నాడు. “స్పిరిట్ ఎక్కువ కొట్టానేమో. లోపల జిగురు కరిగినట్టుంది. ముప్పై ఏళ్ళ చేతులు, ఇట్టా ఎప్పుడూ కాలా.”

“వాసన చూశావా?” అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

“నా ముక్కు ఎప్పుడో చచ్చిపోయిందక్కా. స్పిరిట్ పీల్చీ పీల్చీ, ఇప్పుడు చేపల పులుసూ ఒకటే, పాయసమూ ఒకటే. మా ఇంటిది సంతోషిస్తది, ఏం వండినా పేరు పెట్టనని.”

నవ్వాడు. నవ్వితే ఉబ్బసం ఎగదోసి దగ్గొచ్చింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

వరసలో ఇంకో మాట మొదలైంది. దస్తగిరి స్పిరిట్ సీసాలో ఉప్పు నీళ్ళు కలిపి, మిగిల్చిన స్పిరిట్ నాలుగో తెప్ప వాళ్ళకి ఇచ్చేశాడట. ఎవరు అన్నారో తెలియదు, సామ్రాజ్యం మాత్రం అందరికీ వినిపించింది.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన తెప్పల తాళ్ళు చూసే పని చేస్తారు. విన్నంత సేపూ తాడు పేనుతూనే ఉన్నారు.

“నీటికి అడ్డం పడ్డోళ్ళని ఏం చేస్తారో తెలుసుగా? ఉప్పు తెప్పకి పంపుతారు” అన్నారు. “అక్కడి పెద్ద యంత్రం మూతి దగ్గర ఉప్పు గీకాలి. వారానికే అరచేతుల తోలు ఊడిద్ది. నువ్వు చెయ్యగలవా?”

“మరి దస్తగిరి?”

“అతను మగాడు.”

“ఉబ్బసం మనిషి.”

“అయితే నువ్వు ఎల్లు. ఎల్లి చెప్పు.” తాడు పక్కన పెట్టారు. “ఎవరికీ తెలియదు కదే. నోరు మూసుకుని రామనామం రాసుకో.”

రాద్దామని పుస్తకం ముందు వైపు తిప్పాను. ‘శ్రీ’ రాసి ఆగిపోయాను.

ఇవాళ బోర్డు మీద రాయవలసిన చిట్కా ఒక్కటే. టార్చి వేసి చిల్లు చూడండి అని. నేను రాసింది ఇది: “పాస్‌వర్డ్ తప్పంటుందా? పెద్ద అక్షరాల మీట నొక్కి ఉందేమో, దాని దీపం చూడండి.”

పౌర్ణమి, శుక్రవారం

నా ఫోను కూడా పలకలేదు. అందరివాటికీ పూసినట్టే దానికీ పూశానుగా. “నాంచారమ్మ, ఇద్దరం” అని మూడుసార్లు చెప్పాను. కొళాయి కదల్లేదు.

వరసకి వెళ్ళి ఉంటే బాగుండేది. వెళ్ళలేదు. సాయం గదిలో ఉన్న స్పిరిట్‌లో దూది ముంచి, ఫోనుని చిల్లు కిందికి పట్టుకుని, అద్ది తీసి, అద్ది తీసి, ఏడు కాకముందే సగం గొంతు తెప్పించాను. ఎలా పోతుందో నాకు తెలుసు కాబట్టి నాకు పోయింది. ఎనిమిది చెంబులు వచ్చాయి.

రెండు చెంబులు తీసుకెళ్ళి రోజమ్మగారికి పోశాను. ఆమెకి డెబ్బై దాటాయి, ఒంటరి మనిషి, నాలుగు రోజులుగా వరసలో నిలబడి ఒక్క చెంబు తెచ్చుకుంటోంది. పెదవులు పగిలాయి.

“నీ ఇంటో నీళ్ళు మా ఇంటో పోస్తన్నావా అమ్మాయ్?” అంది. “ప్రభువు నీ చేతులు దీవించాల.”

ఆ చేతులు వెనక్కి పెట్టుకున్నాను. నాలుగేళ్ళ కిందట నాకు జ్వరం వస్తే ఆమే గంజి కాచి తెచ్చింది. వస్తూ తలుపు దగ్గర ఆగి, “దేవుడి గదిలో దీపం ఉంది, నేను లోపలికి రావచ్చా?” అని అడిగింది. ఆమె నా గడప దాటడానికి అడిగింది.

బహుళ విదియ, ఆదివారం

ముప్పై ఒకటి.

నీటి సూపర్వైజరు సుదర్శనంగారు సాయం గదికి వచ్చారు. మర్యాదస్తుడు. చెప్పులు బయటే విడిచారు.

“నాంచారమ్మగారూ, ఫోన్లు దస్తగిరి మీకు అప్పజెప్పాక వేరే ఎవరైనా ముట్టుకున్నారా?”

“తాళం నా దగ్గరే ఉందండీ” అన్నాను.

అబద్ధం కాదు. అందుకే అబద్ధం కంటే నీచంగా ఉంది. మీరు తాళం పెడితే ఇంకేం అనుమానం అని ఆయన రాసుకున్నారు. నా మాట మీద అంత నమ్మకం. మంగళవారం పొద్దున నీటి ఆఫీసు యంత్రం దగ్గర సభ పెడతాం, దస్తగిరి పని చీటీ రద్దు చేసి ఉప్పు తెప్పకి పంపడం తప్ప దారి లేదు అన్నారు.

ఆయన వెళ్ళిన కాసేపటికి దస్తగిరి వచ్చాడు. చేతిలో తెల్ల కాగితం ఒకటి, ఎప్పటి నుంచి దాచుకున్నాడో, మడతల దగ్గర పసుపుపచ్చబడింది.

“అక్కా, నీ రాత ముత్యాలు. ఒక రాజీనామా రాసిపెట్టు.”

“ఎవరికి?”

“నాకే. ఆళ్ళు తీసేసేకంటే నేనే మానుకుంటన్నానని చెబితే మా పిల్ల పెళ్ళిలో ఆ మాట రాదు.”

“నీ తప్పు లేనిదానికి ఎందుకు దస్తగిరీ?”

ఆ మాట అంటున్నప్పుడు ఇక్కడే చెప్పేస్తానేమో అనుకున్నాను.

“నాది కాక ఎవరిది? నేను దులిపాకేగా పోయినయ్యి” అన్నాడు. “చూపు కూడా ఆనట్లేదులే. రాయక్కా. నా చేతి తప్పు వల్ల అని రాయి. కల్తీ అని మాత్రం రాయొద్దు. చేతకానోణ్ణంటే ఒప్పుకుంటా. దొంగనంటే ఒప్పుకోను.”

రాశాను.

గుండ్రటి అక్షరాలతో, గీతలు గీసినట్టు సమానంగా రాశాను. ‘నా చేతి తప్పు వల్ల’ అన్న చోట కలం ఒక్కసారి ఆగింది. మళ్ళీ నడిచింది. అతను చదువుకుని, కళ్ళకద్దుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“నీ రుణం తీర్చుకోలేనక్కా” అన్నాడు.

బహుళ తదియ, సోమవారం

అట్లతద్ది. ఏటా మూడో తెప్ప అంతా అట్ల వాసన ఉండేది. ఈసారి మినప్పప్పు నానబోయడానికి నీళ్ళు లేవు. ఆడపిల్లలు గోరింటాకు పెట్టుకున్న చేతులతో ఖాళీ చెంబులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. మా ఇంట్లో నీళ్ళున్నాయి. అట్లు పోయలేదు, పొగ వస్తే అందరికీ తెలుస్తుందని.

దస్తగిరి భార్య జైనబ్ సాయం గదికి వచ్చింది. ఉప్పు తెప్ప మీద ముక్కుకి కట్టుకునే గుడ్డ ఎన్ని మడతలు వెయ్యాలి అని అడిగింది. నాకు ఎలా తెలుస్తుందనుకుందో. అన్నిటికీ నా దగ్గర చిట్కా ఉంటుందని అందరి నమ్మకం.

“నాలుగు మడతలు” అన్నాను.

ఆమె వెళ్ళాక బోర్డు తుడిచాను. ఏమీ రాయలేదు.

దేవుడికి చెప్పుకున్నాను, క్షమించమని. చిన్నప్పుడు అమ్మ అనేది, చేసిన పాపం చెబితే పోతుందని. ఎవరికి చెబితే పోతుందో ఆమె చెప్పలేదు, నేను దేవుడికే అనుకున్నాను. ఆయనకి త్రయోదశి నుంచి చెబుతున్నాను. దస్తగిరి జేబులో ఆ కాగితం ఇంకా అలాగే ఉంది.

బహుళ చవితి, మంగళవారం

సభ ఎనిమిది గంటలకి. నేను ఏడుకే సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్ళాను. సభలో లేచి మాట్లాడాలంటే నా గొంతు పెగలదు. పెగిలినా నాలుగడుగులు దాటదు. రాయడం ఒక్కటే వచ్చు.

చెంబు నీళ్ళ వరస బోర్డు ముందు నుంచే పోతుంది. ఎనభై తొంభై మంది ఉన్నారు. నేను సుద్దముక్క ఎత్తగానే సామ్రాజ్యం వరసలోంచి అలవాటుగా ముందుకొచ్చింది.

“ఆగండాగండి, రెండ్రోజుల తరవాత మా వదిన రాస్తంది. ఈరోజు చిట్కా!” అంది నాలుగో తెప్పకి వినపడేలా. “‘ఫోను మాట వినకపోతే, కింది అంచున ఉన్న చిన్న చిల్లుని టార్చి వేసి చూడండి.’ ఇదేదో ముందే చెప్పొచ్చుగా వదినా! ‘లోపల పచ్చగా కనబడితే అది పసుపు.’ పసుపా?”

వెనక్కి తిరగలేదు. రాస్తూనే ఉన్నాను. నేను రాసిన ప్రతి మాటా నా వెనక నుంచి పెద్ద గొంతుతో నాకే వినపడుతోంది.

“‘దశమి పొద్దున బీరువాలో ఉన్న ముప్పై ఎనిమిది ఫోన్లకూ… నూనెలో తడిపిన పసుపు పూసింది…’” సామ్రాజ్యం గొంతు తగ్గింది. “వదినా, ఇదేంటి?”

“చదువు” అన్నాను.

“‘…పూసింది నేను. ఎవరినీ అడక్కుండా పూశాను. ఎవరూ చూడకుండా తుడిచాను.’”

చెంబులు కదిలే చప్పుడు ఆగిపోయింది. యంత్రం మోత ఒక్కటే.

“గట్టిగా చదవ్వే, వినపళ్ళా” అని వెనక నుంచి ఎవరో ముసలాయన అరిచాడు.

సామ్రాజ్యం మొదటిసారి గొంతు సవరించుకుంది. “‘దస్తగిరి స్పిరిట్‌లో కల్తీ లేదు. అతని చేతిలో తప్పు లేదు. త్రయోదశి నుంచి నాకు తెలుసు. తెలిసి కూడా అతని రాజీనామా నా చేత్తో రాసిచ్చాను. నాంచారమ్మ.’”

సుద్దముక్క అయిపోయింది. ఇక తిరగక తప్పలేదు.

రోజమ్మగారు వరసలో మూడో మనిషి. నా వంక చూడలేదు, చేతిలో చెంబు వంక చూసుకుంటోంది. “తెలిసీ ఆరు రోజులమ్మాయ్” అంది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

“చేసిందంతా చేసి మా ఇంటికి బిక్షం పోసినట్టు నీళ్ళు తెచ్చావా?” అని ఇంకెవరో అన్నారు. నేను తెచ్చింది రోజమ్మగారికి ఒక్కరికే. కానీ మాట సరైనదే.

సుదర్శనంగారు వచ్చి బోర్డు మొత్తం చదివారు. రెండోసారీ చదివారు. “తాళం మీ దగ్గరే ఉందన్నారు కదమ్మా” అన్నారు మెల్లగా.

“నా దగ్గరే ఉందండీ” అన్నాను. తల కొట్టేసినట్టయింది.

దస్తగిరి జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. తిడతాడనుకున్నాను. కొట్టినా సరే అనుకున్నాను. అతను బోర్డు దగ్గరగా మొహం పెట్టి ఒక్కో అక్షరం చూసుకుని, నా వైపు తిరిగాడు.

“ఏం నూనె?”

“నువ్వుల నూనె.”

“దీపంలోదా? వత్తి మసి కూడా ఉండుద్ది.” బోర్డు వంక మళ్ళీ చూశాడు. “నూనె అని తెలిస్తే నేను బ్రష్ కొడతానా? మైకు మీద చిన్న రబ్బరు తొడుగు ఉంటది. అది ఊడదీసి సబ్బు నీళ్ళలో కడగాల. పూట పని.” సుదర్శనంగారి వైపు తిరిగాడు. “సభ రేపు పెట్టుకోండి సారూ. ముందు ఫోన్లు.”

“సబ్బు నీళ్ళకి నీళ్ళేవయ్యా?” అన్నారాయన.

ఇంటికి పరిగెత్తి మా కుండ తెచ్చాను. ఆ పొద్దున వచ్చిన ఎనిమిది చెంబులు. మా ఆయన గుమ్మంలో నిలబడి చూశారు, అడ్డం రాలేదు. గరిటెడు నీళ్ళు మిగుల్చుదామనుకున్నాను దశమి నాడు.

రోజంతా సాయం గదిలో అతని ఎదురుగా కూర్చున్నాను. అతను ఫోను విప్పి, చీమ తలంత రబ్బరు ముక్క పట్టకారుతో తీసి ఇస్తాడు. నేను సబ్బు నీళ్ళలో వేళ్ళ మధ్య రుద్ది, మంచి నీళ్ళలో జాడించి, గుడ్డ మీద ఆరబెడతాను. మళ్ళీ అతనికి ఇస్తాను. ‘ఇటివ్వు’, ‘ఇది కాదు’ తప్ప మాట లేదు. పన్నెండో ఫోను, ఇరవయ్యో ఫోను. జైనబ్ అతనికి అన్నం తెచ్చింది. నన్ను చూసి, తెచ్చిన మడత గుడ్డ ఒకటి నా ముందు పెట్టింది. ఉప్పు తెప్ప కోసం భర్తకి కుట్టిన ముక్కు గుడ్డ. నాలుగు మడతలు.

“నీకు పనికొచ్చుద్దిగా” అంది. అందులో వెటకారం ఎంతో, నిజం ఎంతో నాకు తెలియలేదు. రెండూ నాకు తగినవే.

ఆఖరున అతని సొంత ఫోను తీశాడు. విప్పకుండా చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

“దీనికీ పూశావా?”

“పూశాను.”

“ఏం చెప్పి పూశావు?”

“అందరి గొంతూ తడవాలని.”

ఫోను తిప్పి వీపు వైపు చూశాడు.

“అడగాల్సింది అక్కా” అన్నాడు. “అడిగితే నేను వద్దంటానా? ఇక్కడ కాదు, వీపున పూయమనేవాణ్ణి.”

అప్పుడు ఏడుపొచ్చింది. ఈ తొమ్మిది రోజుల్లో అదే మొదటిసారి. అతను మొహం తిప్పుకుని స్క్రూలు బిగించాడు.

బహుళ పంచమి, బుధవారం

పొద్దున ఆరింటికి గోడ అవతల సామ్రాజ్యం గొంతు వినపడింది, “సామ్రాజ్యం, నలుగురం!” అని. వెంటనే కొళాయి చప్పుడు. తరవాత ఇంకో ఇల్లు, ఇంకో ఇల్లు. ముప్పై ఎనిమిదీ పలికాయి.

సభ అయింది. నేనే చెప్పుకున్నాను కనుక నెల రోజులు ఉప్పు తెప్ప అన్నారు. పడవ మధ్యాహ్నం. సాయం గది తాళం సుదర్శనంగారికి ఇచ్చేశాను. దస్తగిరికి ఆయన అందరి ముందూ క్షమాపణ చెప్పారు. వరసలో కల్తీ అన్నవాళ్ళు ఎవరూ చెప్పలేదు. సామ్రాజ్యం మాత్రం నా మూట కట్టడానికి వచ్చి, “నేను అరిచి అరిచి చెప్పాను కదా వదినా అతనే అని. నన్ను కూడా పంపితే బాగుండు” అంది చిన్న గొంతుతో. ఆమెకి చిన్న గొంతు ఉందని నాకు తెలియదు.

గది ఖాళీ చేయడానికి వెళ్ళాను. నిన్న పని చేసిన బల్ల అలాగే ఉంది. ఫోన్ల కింద పరవడానికి దస్తగిరి జేబులోంచి తీసిన కాగితం ఏదో నిన్న గమనించలేదు. నేను రాసిన రాజీనామా. తడి రబ్బరు ముక్కలు పెట్టీ పెట్టీ నా ముత్యాల్లాంటి అక్షరాలు అలికిపోయాయి. ‘నా చేతి తప్పు వల్ల’ ఒక్కటే కాస్త కనబడుతోంది. కాగితం నాలుగు మూలలా పసుపు అంటుకుని ఉంది.

దస్తగిరి గుమ్మంలోకి వచ్చాడు. పారేయనా అని అడిగాను.

“ఎందుకు పారేయడం? వెనక వైపు తెల్లగానే ఉందిగా” అన్నాడు. “నీ పుస్తకంలో పెట్టుకో. అక్కడ కాగితం ఇవ్వరు.”

మడిచి రామకోటిలో పెట్టుకున్నాను.

బయట బోర్డు మీద అప్పటికే ఎవరో చిట్కా రాశారు. వంకర టింకర అక్షరాలు, కొన్ని ఒత్తులు లేవు. దస్తగిరి రాత. సామ్రాజ్యం జనానికి చదివి వినిపిస్తోంది. పడవ ఎక్కేదాకా వినపడింది.

“‘ఫోనుకి పూజ చేసుకునేవాళ్ళు ఈపున చేసుకోండి. నూనె వద్దు. ముందు అది ఎవరిదో వాళ్ళని అడగండి.’”